వెనక అట్ట మీద ఒక వాక్యం

పుస్తకాల వెనక అట్ట మీద ఆ నాలుగు ముక్కలు ఎవరు రాస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? చాలాసార్లు నాలాంటివాళ్ళే రాస్తారు. కథలకి డబ్బులు రావు కాబట్టి, డబ్బులొచ్చే పుస్తకాలకి నూట యాభై మాటలు, ఒక ప్రెస్ నోట్, ఇన్‌స్టాగ్రామ్‌కి అరడజను పోస్టులు రాస్తాను. వంటలు, వాస్తు, పిల్లల పెంపకం, స్టాక్ మార్కెట్. పోయినేడాది వచ్చిన పని మాత్రం వేరే రకం. అమెరికాలో పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డ్ తెచ్చుకోవడం ఎలాగో చెప్పే పుస్తకం. పేరు చెప్పను. రాసినాయన పాతికేళ్ళుగా అక్కడే ఉంటున్న తెలుగాయన. మర్యాదస్తుడు, ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు "భోంచేశావా అమ్మా" అని అడిగేవాడు. ఇంగ్లిష్‌లో పుస్తకం అప్పటికే వచ్చేసింది. తెలుగు అనువాదానికి ప్రచారం చెయ్యాలి.

అమెరికాలో ఉద్యోగాలు చేసే పిల్లలు ఇంగ్లిష్‌లోనే చదువుకుంటారు కదా, మళ్ళీ తెలుగెందుకని ప్రచురణకర్తని అడిగాను. "పాసుపుస్తకం ఎవరి పేరు మీదుందో వాళ్ళు చదవాలిగా" అన్నాడాయన.

ఈ ఒక్క మాటతో పుస్తకం సగం అర్థమైంది. మిగతా సగం కోసం మూడొందల పేజీలూ చదివాను. (వెనక అట్ట రాసేవాళ్ళు పుస్తకం మొత్తం చదువుతారని అనుకోకండి. దీన్ని మాత్రం చదివాను.)

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. దీన్ని ఈబీ-5 అంటారు. అమెరికా కాంగ్రెస్ 1990లో తెచ్చిన ఇమిగ్రేషన్ చట్టంలో ఒక ముక్క. బయటి దేశంవాడు అక్కడి వ్యాపారంలో డబ్బు పెట్టి, కనీసం 10 మంది అక్కడి వాళ్ళకి పూర్తికాలం ఉద్యోగాలు కల్పిస్తే, అతనికీ, భార్యకీ, 21 ఏళ్ళ లోపు పెళ్ళికాని పిల్లలకీ గ్రీన్‌కార్డ్ ఇస్తారు. మొదటి రెండేళ్ళకీ షరతులతో, తర్వాత లెక్కలు చూపిస్తే శాశ్వతంగా. 2022 మార్చిలో చట్టం మార్చాక పెట్టాల్సింది 10,50,000 డాలర్లు. పల్లెటూళ్ళలో, నిరుద్యోగం ఎక్కువున్న చోట్ల అయితే 8 లక్షలు. మన లెక్కలో సుమారు ఏడు కోట్లు, ఫీజులు కాక.

పుస్తకంలో నన్ను అన్నిటికన్నా లాగింది ఈ పల్లెటూళ్ళ సంగతే. దేన్ని పల్లె అనాలో కూడా చట్టం చెప్పింది: మహానగర ప్రాంతాలకి బయట ఉండాలి, 20 వేలో అంతకు మించో జనాభా ఉన్న పట్టణానికి కూడా బయటే ఉండాలి. అలాంటి చోట డబ్బు పెట్టినవాళ్ళ దరఖాస్తు ముందు చూస్తారు, వాళ్ళకోసం వీసాల్లో 20 శాతం విడిగా పక్కన పెడతారు. అంటే తెనాలి పక్కన పల్లెలో ఎకరాలు అమ్మిన డబ్బు వెళ్ళి ఏ మంచుకొండల పక్క పల్లెలోనో కాంక్రీటవుతుంది. పెట్టినవాళ్ళు ఆ ఊరిని చూడరు. పల్లెని అమ్మి పల్లెలోనే పెట్టడం అనే మాట పుస్తకంలో ఎక్కడా లేదు, ప్రెస్ నోట్‌లో నేనూ రాయలేదు. ఎక్కడో ఒకచోట రాసుకోవాలి కదా.

విదేశీ పెట్టుబడి గురించి అమెరికావాళ్ళు రాసుకున్న పుస్తకాలు ఒకప్పుడు భయంతో నిండి ఉండేవి. 1988లో మార్టిన్, సుజన్ టోల్చిన్ దంపతులు రాసిన 'బయింగ్ ఇంటూ అమెరికా' అలాంటిది. మరుసటేడు సోనీ వెళ్ళి కొలంబియా పిక్చర్స్‌ని కొంది, మిత్సుబిషి ఎస్టేట్ న్యూయార్క్ నడిబొడ్డున రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో సగానికి పైగా వాటా కొంది. 1992లో మైకెల్ క్రైటన్ ఆ భయాన్నే 'రైజింగ్ సన్' అనే నవల చేసుకున్నాడు. తీరా 1995కి రాక్‌ఫెల్లర్ సెంటర్ వ్యవహారం దివాలా కోర్టుకెక్కింది, జపాన్‌వాళ్ళు చేతులు కాల్చుకుని బయటపడ్డారు. నాకు నవ్వొచ్చేదేమిటంటే, మా దేశాన్ని కొనేస్తున్నారని గగ్గోలు పెడుతున్న ఆ రోజుల్లోనే, డబ్బు తెస్తే ఇల్లిస్తామనే ఈ చట్టం కూడా పాసయింది. పెద్ద డబ్బంటే భయం, చిన్న డబ్బంటే ఆహ్వానం. ఏడు కోట్లు అక్కడ చిన్న డబ్బే.

ఇక గొడవ సంగతి. ఏడో అధ్యాయంలో, పట్టికల మధ్య ఒక వాక్యం కనపడింది. ఈ పథకంలో డబ్బుకి నష్టం వచ్చే అవకాశం ఉండి తీరాలి. మీ అసలు మీకు తిరిగిచ్చేస్తామని ఎవరైనా ముందే రాసిచ్చారంటే, అది పెట్టుబడి కాదు, అప్పు అంటుంది అక్కడి చట్టం. దరఖాస్తు కొట్టేస్తారు. ఈ ఒక్క ముక్కా రెండుసార్లు చదివాను. మామూలుగా మోసగాడు హామీ ఇస్తాడు, చట్టం జాగ్రత్తలు చెబుతుంది. ఇక్కడ హామీ ఉంటే అసలు పనే కాదు. మునిగినా తేలినా నీదే అని ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తారు.

దీన్ని వెనక అట్ట మీద పెట్టాలన్నాను. 'రిస్క్' అని రాస్తే ఎవరూ ఆగరు, మ్యూచువల్ ఫండ్ ప్రకటనల చివర వేగంగా చదివి చదివి ఆ మాటకి పదును పోయింది. నష్టభయం అంటే పాఠ్యపుస్తకం. అందుకని సూటిగా రాశాను: "ఈ డబ్బు తిరిగి వస్తుందని మీకు ఎవరూ హామీ ఇవ్వకూడదు. ఇస్తే గ్రీన్‌కార్డ్ రాదు."

ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "సిగరెట్ పెట్టె అనుకున్నావా పుస్తకాన్ని?"

రచయితకి కోపం రాలేదు. "నువ్వు రాసింది కరెక్టే అమ్మా. లోపల రాసింది కూడా నేనేగా. కానీ గుమ్మంలోనే చెప్పాలా?" అన్నాడు. లోపల జే పీక్ గురించి అర పేరా రాశారు కదా, అదెవరు చదువుతారు అన్నాను. జే పీక్ అనేది వెర్మాంట్ రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గర మంచు మీద ఆటలాడుకునే రిసార్ట్. దాని చుట్టూ పెట్టిన ప్రాజెక్టులకి ఈబీ-5 కింద 35 కోట్ల డాలర్లకి పైగా వచ్చాయి. 2016లో అమెరికా సెబీలాంటి సంస్థ కేసు పెట్టింది, అందులో 20 కోట్లు దారి మళ్ళాయని. 74 దేశాల వాళ్ళ డబ్బట. యజమానికి 2022లో అయిదేళ్ళ జైలు పడింది. దగ్గర్లో న్యూపోర్ట్ అనే చిన్న ఊరుంది. కొత్త కట్టడాలు వస్తాయని ఆ ఊరి మెయిన్ రోడ్డు మీద ఒక వరస మొత్తం 2015లో కూల్చేశారు. ఏళ్ళ తరబడి అక్కడ గొయ్యే మిగిలింది. డబ్బు పెట్టినవాళ్ళు మోసపోయారని అందరూ రాశారు. నాకు మాత్రం ఆ వరసలో కొట్లు పెట్టుకుని బతికినవాళ్ళే గుర్తొస్తూ ఉంటారు.

ఆ వాక్యం లేకపోతే నా పేరుతో బిల్లు పంపనన్నాను. ఇది ధైర్యం అనుకోకండి, బిల్లు మరీ పెద్దదేం కాదు. రెండ్రోజుల తర్వాత రచయితే ఒప్పుకున్నాడు. "ఉంచండి. రేపెవరైనా అడిగితే ముందే చెప్పామనొచ్చు" అన్నాడట. మంచితనమో, లాయరు సలహానో తెలీదు. బార్‌కోడ్ పక్కన, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో వేశారు.

ఆవిష్కరణ విజయవాడలో, ఒక హోటల్ హాల్లో. వచ్చినవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. రిటైరైన ఇంజనీర్లు, డాక్టర్లు, రైతులు. ఒక్కరూ లాభం ఎంతొస్తుందని అడగలేదు. "మా వాడు హెచ్1 మీద పద్నాలుగేళ్ళుగా ఉన్నాడు, దీనికి మారొచ్చా?" "మనవరాలికి వచ్చే జనవరికి ఇరవై ఒకటి నిండుతాయి, ఆలోపు అవుతుందా?" మామూలు ఉద్యోగాల వరసలో మనవాళ్ళ నిరీక్షణ దశాబ్దాల్లో ఉంటుంది. 21 నిండిన పిల్లలు తల్లిదండ్రుల వీసా నీడలోంచి బయటికి పోతారు. అక్కడే పెరిగిన పిల్ల, వేరే వీసా దొరక్కపోతే, ఊహ తెలిశాక చూడని దేశానికి 'తిరిగి' రావాలి. వ్యాపార పుస్తకం అని నేను ప్రచారం చేసింది, ఆ హాల్లో పిల్లల పుస్తకం అయిపోయింది.

ఒక్కసారి మాత్రం హాలు గతుక్కుమంది. డబ్బు చట్టబద్ధంగా వచ్చిందని కాగితాలతో రుజువు చెయ్యాలి, తండ్రి కొడుక్కి బహుమతిగా ఇచ్చినా తండ్రి లెక్క చూపించాలి అన్నాడు రచయిత. "పొలం అమ్మిన డబ్బైతే?" "రిజిస్ట్రేషన్ కాగితంలో ఎంతుందో అంతే లెక్క." అందరూ నవ్వారు. నవ్వుతూనే పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు. ఎకరం ఎంతకి అమ్ముతామో, కాగితం మీద ఎంత రాస్తామో ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. అమెరికాకి రూపాయి రూపాయికీ పుట్టుక చెప్పాలంటే మనవాళ్ళు సగం పొలాన్ని ఊరికే వదులుకోవాలి. తర్వాత డబ్బు పంపడం. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం ఒక మనిషి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లే పంపగలడు. కాబట్టి మార్చి 31కి ముందు భార్యాభర్తలు చెరో వాటా, ఏప్రిల్ 1 తర్వాత మళ్ళీ చెరో వాటా. ఒకావిడ పెళ్ళి ఖర్చుల పద్దులా అన్నీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంది.

అమ్మకాల బల్ల దగ్గర నేనున్నాను. తెల్ల చొక్కా పెద్దాయన ఒకాయన పుస్తకం తీసుకుని, ముందు అట్ట వదిలేసి వెనక్కి తిప్పాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, బార్‌కోడ్ పక్కన ఉన్నది కూడా చదివాడు.

"ఇది నిజమేనా అమ్మాయ్?"

"నిజమేనండీ. లోపల నూట డెబ్భై మూడో పేజీలో కూడా ఉంది."

"మా వాడు ఈ మాట చెప్పలేదే." కాసేపాగి, "ఎక్కడో పల్లెటూళ్ళలో పెడతారంటగా. ఎట్లా ఉంటాయవి?"

ఫోన్‌లో న్యూపోర్ట్ ఫొటో ఉంది, చూపించాను. సరస్సు, కొండ, చర్చి, మెయిన్ రోడ్డు, కంచె వేసిన గొయ్యి. చాలాసేపు చూశాడు. "నీళ్ళు బాగానే ఉన్నాయే" అన్నాడు. తర్వాత రెండు వేళ్ళతో గొయ్యిని పెద్దది చేసుకుని చూసి, ఇది ఎకరం పైనే ఉంటుందా అని అడిగాడు. తెలీదన్నాను.

రెండు కాపీలు తీసుకున్నాడు. ఒకటి వియ్యంకుడికట. సగం ఆయన పెడుతున్నాడట.