మా గీజరు పురాణం

ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో పదిమంది లెక్కలూ సరిచూస్తున్నవాణ్ణి. ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చుని పట్టుకున్న రోజులున్నాయి. అలాంటి నేను, మా స్నానాలగదిలో గోడకి వేలాడే పాతిక లీటర్ల గీజరుని ఆరేళ్ళపాటు ఒక్కసారి కూడా విప్పించి చూడలేదు. బి.కాం. చదివినవాడికి గీజరుతో ఏం పని అనుకున్నాను కాబోలు!

మేముండేది బెళ్ళందూరులో, అపార్టుమెంటు మూడో అంతస్తు. మేడమీద సోలారు ఉంది గానీ ఆ వేడినీళ్ళు పై రెండంతస్తులవాళ్ళకే. మిగతావాళ్ళకి గీజరే గతి. డిసెంబరు తెల్లవారుజాము చలి సంగతి బెంగుళూరులో ఉన్న మనవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఎనభై రెండేళ్ళ మా అమ్మకి మాత్రం ఐదున్నరకల్లా తలమీద నీళ్ళు పడాల్సిందే.

అనంతపురం జిల్లాలో మా ఊళ్ళో పెరటి పొయ్యిమీద రాగి హండా ఉండేది. చెనక్కాయ పొట్టు వేసి మంట పెట్టేది అమ్మే. అది చెడిపోవడం అంటూ నేనెరగను. గీజరు కూడా గోడకెక్కిన హండాయే కదా అని నా ధీమా.

2024 ఎండాకాలంలో బెంగుళూరులో బోర్లు ఎండిపోయి ఊరంతా టాంకర్ల వెంట పరిగెత్తింది గుర్తుందిగా. మా బోరూ అప్పుడే ఎండింది. టాంకరు నీళ్ళు పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకి 680 మిల్లీగ్రాములని తేలింది. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీటిలో అది 200 దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. తాగడానికి వేరే నీళ్ళు తెప్పించుకున్నాం. గీజరు తాగేదాని గురించి ఎవరు ఆలోచించారు?

పాపం, అది తన బాధ చెప్పుకుంటూనే వచ్చింది. ముందు నీళ్ళు కాగడం ఆలస్యమైంది. తర్వాత లోపలినుంచి పేలాలు వేగినట్టు చిటపటలు. ఓ రోజు అసలు వేడెక్కడమే మానేసింది. కింద మూత తీస్తే చిన్న మీట ఉంటుందని ఎవరో చెప్పారు, నొక్కాను, పనిచేసింది. పది రోజుల్లో మూడుసార్లు నొక్కి, రిపేరు ఖర్చు మిగిల్చానని సంబరపడ్డాను. ఇంకో ఘనకార్యం కూడా చేశాను. పక్కనున్న వాల్వునుంచి టపటపా చుక్కలు పడుతున్నాయని దాని మూతికి ఎంసీల్ పూసి మూసేశాను.

అమ్మ రెండుసార్లు చెప్పింది. "కొళాయి పట్టుకుంటే చెయ్యి జుమ్మంటాంది నాయనా" అని. అమ్మకి ఇరవై ఏళ్ళుగా షుగరు, చేతులు తిమ్మిరెక్కడం మామూలే. "డాక్టరు మాత్ర మార్చమన్నాడేమో అడుగుదాంలేమ్మా" అన్నాను. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నెల తర్వాత ఓ ఆదివారం మా శ్రీమతి స్నానాలగదిలోంచి చెయ్యి దులుపుకుంటూ వచ్చింది. "ఏమండీ, ఆ కొళాయి నాకూ జుమ్మంటోంది." ఆవిడకి షుగరు లేదు.

టెస్టరు పెట్టి చూశాను. కొళాయిమీద ఎర్రగా వెలిగింది. మెయిను కట్టేసి అక్కడే స్టూలుమీద కూలబడ్డాను. ఆ నెలరోజులూ అమ్మ తడికాళ్ళతో అక్కడ నిలబడి స్నానం చేసిందన్నది తప్ప వేరే ఆలోచన రాలేదు.

వచ్చిన మెకానిక్కు మదనపల్లె కుర్రాడు. కిందికి దించి విప్పితే బక్కెట్లోకి సున్నపు పెళ్ళలు రాలాయి. వేడి చేసే కాయిలుకి వేలెడు మందాన పెచ్చు కట్టింది. సున్నం వేడిని సరిగ్గా పోనివ్వదు. కాయిలు వేడి లోపలే మగ్గి, పై తొడుగు పగిలి, కరెంటు నీళ్ళలోకి దిగిందన్నాడు. దాన్ని భూమిలోకి పంపవలసిన ఎర్తు తీగ ప్లగ్గులో ఊడి ఉంది. లీకైన వెంటనే పడిపోవలసిన ఆర్.సి.సి.బి.ని, మాటిమాటికీ పడిపోతోందని మాకు ముందున్నవాళ్ళెవరో తప్పించి తీగలు కలిపేశారట.

లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే టాంకుకి హామీదారు. తుప్పు ముందు తనమీద వేసుకుని తాను కరిగిపోతుంది. మాదాంట్లో చీపురుపుల్లంత తీగ మిగిలింది. హామీదారు దివాలా తీసినా తెలుసుకోని బ్యాంకు ఆఫీసర్ని నేను!

తర్వాత వాల్వు చూశాడు. "దీన్ని ఎవురు సార్ మూసినారు?"

"నేనే" అన్నాను.

కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి, ఆ ఎక్కువైన ఒత్తిడి పోయే దారి అదేనని చెప్పాడు. వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడితే మంచిదేనట. థర్మోస్టాటు కూడా మొరాయించి ఉంటే టాంకు పేలేదన్నాడు.

ఆ రాత్రి అమెరికాలో మాసచూసెట్స్‌లో ఉండే మా మేనల్లుడికి ఫోన్లో చెప్పాను. వాళ్ళది పాత ఇల్లు, నేలమాళిగలో ఆయిల్ ఫర్నేసు. చలికాలం ముందు ఏటా మనిషొచ్చి ఫిల్టరు, నాజిలు మార్చి పోతాడట. "మామయ్యా, మాదానికీ రీసెట్ మీట ఉంది. ఒక్కసారే నొక్కాలి. ఆగకపోతే సరే, మళ్ళీ ఆగితే మెకానిక్కుని పిలవాలి. ఊరికే నొక్కుతూ పోతే కాలని నూనె లోపల పేరుకుని, అంటుకున్నప్పుడు ఒక్కసారిగా భగ్గుమంటుంది" అన్నాడు. నా మూడు నొక్కుళ్ళ సంగతి వాడికి చెప్పలేదు.

కొత్త కాయిలు, కడ్డీ, వాల్వు, ఎర్తు, ఆర్.సి.సి.బి. అన్నీ కలిపి ఐదు వేలు దాటింది. మా టాంకరు నీళ్ళకి ఆర్నెల్లకోసారి విప్పించాల్సిందేనని కుర్రాడి తీర్పు. థర్మోస్టాటు 60 డిగ్రీలు దాటనివ్వొద్దన్నాడు, ఎక్కువ వేడికి సున్నం ఎక్కువ పేరుకుంటుందట. ఆర్.సి.సి.బి. టెస్టు మీట నెలనెలా ఒకటో తారీఖున నేనే నొక్కుతున్నాను. స్విచ్చి కట్టేశాకే స్నానం, ఎవరైనా సరే.

సున్నం కరిగించడానికి కుర్రాడు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు వాడుతుంటే అమ్మ గడపలో కూర్చుని చూసింది. "హండా అడుగున కట్టిన సున్నానికి చింతపండు పులుసు పోసి రాత్రంతా పెట్టేదాన్ని. నెలకోసారి" అంది. ఆ పని అమ్మ చేస్తుండేదని నాకు తెలియనే తెలియదు.

కొత్త వాల్వు కింద అమ్మ ఓ చెంబు పెట్టింది. పొద్దునకి సగం నిండుతుంది. చల్లారాక బాల్కనీలో తులసికి పోస్తుంది. కొళాయి మాత్రం ఇప్పటికీ ముందు వేలి వెనకవైపు తాకించి చూసుకునే తిప్పుతుంది. నేను వద్దనలేదు.