దీన్‌దయాళ్ కంటితో మూడు ఊళ్ళు

జగిత్యాల కోట చూడదలచినవారు ప్రొద్దున్నే వెళ్ళడం మంచిది. ఎండ ఏటవాలుగా పడే ఆ వేళ గోడల్లోని రాళ్ళు ఒక్కొక్కటే విడివిడిగా కనబడతాయి. నక్షత్రం ఆకారంలో ఉన్న ఈ కోటను 1747లో ఇబ్రహీం ఖాన్ జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించాడని చెబుతారు. చుట్టూ కందకం, బురుజుల మీద పాత ఫిరంగులు.

ఆ కోణాలు చూస్తూంటే నాకు రాజా దీన్‌దయాళ్ జ్ఞాపకం వచ్చాడు. మన దేశపు కోటలనూ, గుళ్ళనూ, కొండలనూ ఛాయాచిత్రాల్లో నిలిపి అంతటి పేరు పొందినవారు అరుదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేట్లు వేస్తూ, నక్షాలు గీస్తూ ఉండినవాడు. 1874 ప్రాంతంలో సరదాకి కెమెరా పట్టాడు. ఆ సరదాయే వృత్తి అయింది. సాంచి, గ్వాలియర్ మొదలైన చోట్ల ఆయన తీసిన చిత్రాలతో 1886లో పెద్ద పుస్తకం వెలువడింది. సికింద్రాబాదులో స్టూడియో వెలిసింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా చేసుకొని ‘ముసవ్విర్ జంగ్’ బిరుదిచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు.

ఆ రోజుల్లో ఫోటో అంటే మాటలా? కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, బరువైన గాజు పలకల పెట్టెలు మోయించుకు పోవాలి. పలక పగిలితే శ్రమంతా వృథా. కనుక చూడవలసినదంతా ముందే చూసుకోవాలి. నేనూ ఫోను జేబులో పెట్టి, కోట చుట్టూ ఒకసారి ఊరికే నడిచాను. ఆ తర్వాతే ఫోటో తీశాను.

అక్కడినుంచి కోరుట్ల. వీధి అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించడం, పొగాకు నింపడం, దారం చుట్టడం అంతా కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతున్నది. “ఫోటో తీయవచ్చునా అమ్మా?” అని ఒక పెద్దావిడను అడిగాను.

“తీస్కో సారూ. తీసినోళ్ళంత తీస్కపోవుడే గని, మాకు ఒక్కటన్న ఇచ్చిండ్రా?” అన్నదామె, చెయ్యి ఆపకుండానే.

మాట సూటిగా తగిలింది. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అక్కడికి వెళ్ళిన స్త్రీ తన బొమ్మ తన కోసం తీయించుకునేది. కోరుట్ల అరుగు మీది తల్లి కోరినదీ అదే కదా! ఫోటో తీసి, చిరునామా వ్రాసుకున్నాను.

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి సాయంత్రమైంది. ఊరు కనబడక ముందే సాంచాల చప్పుడు వినబడింది. 2000 తర్వాతి ఏళ్ళలో అప్పుల బాధకు ఎందరో నేతన్నలను పోగొట్టుకున్న ఊరు ఇది. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చి కొన్నేళ్ళు ఊపిరి పోసింది. ఒక నేత కార్మికుని ఇంటి గోడకు పాత ఫోటో ఉంది. మగ్గం ముందు కూర్చున్న మనిషి. “మా తాత. ఎప్పుడు దిగిండో ఎవలకు తెల్వది సార్,” అన్నాడాయన. ఫ్రేము విప్పి చూశాం. వెనుక ఒక్క అక్షరమైనా లేదు.

దీన్‌దయాళ్ 1905లో కన్నుమూశాడు. ఆయన గాజు పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి 1989లో చేరాయి. వాటిని ఇన్నాళ్ళు ఎవరో దాచబట్టి కదా మనం చూడగలుగుతున్నాం! మన ఇళ్ళ ఫోటోలకు అంతటి కేంద్రాలు అక్కరలేదు. ఒక పెన్సిలు, రెండు నిమిషాల తీరిక చాలు.

ఇంటికి వచ్చాక కోరుట్ల ఫోటో ప్రింటు వేయించి పంపాను. వెనుక ఊరు పేరు, తేదీ వ్రాశాను. ఆమె పేరు మాత్రం పెద్ద అక్షరాలతో వ్రాశాను.