కుట్టు పక్కన గుడ్డ

కొత్తవలస స్టేషన్ దగ్గర రెండు రైలు దారులు విడిపోతాయి. హౌరా–చెన్నై మెయిన్ లైను తీరానికి కాస్త ఎడంగా, మైదానంలో, విజయనగరం వైపు పోతుంది. కె.కె. లైను శృంగవరపుకోట, బొడ్డవర దాటాక కొండెక్కడం మొదలుపెట్టి, అరకు మీదుగా కిరండూల్ చేరుతుంది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి 1960లలో వేసిన దారి ఇది. 58 సొరంగాలు తవ్వాల్సి వచ్చింది. శిమిలిగుడ దగ్గర పట్టాలు సముద్ర మట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తులో ఉంటాయి.

కట్టె కొట్టేవాళ్లు ముందు పీచు చూస్తారు. పీచు వెంట గొడ్డలి వేస్తే కట్టె చీలుతుంది, అడ్డంగా వేస్తే చెయ్యి నొప్పి పుడుతుంది. తూర్పు కనుమల రాతికీ అలాంటి పీచు ఉంది. మా ప్రాంతంలో అది ఎక్కువగా నైరుతి నుంచి ఈశాన్యానికి. కొండల వరసలు, సముద్రతీరం, వాటి మధ్య మైదానం, అన్నీ ఇంచుమించు అటే. మెయిన్ లైను ఆ పీచు వెంట పోతుంది. కె.కె. లైను దానికి అడ్డంపడి వెళ్తుంది.

ఆ పీచు వయసు దాదాపు 100 కోట్ల ఏళ్లు. అప్పట్లో భారతదేశపు నేల, తూర్పు అంటార్కిటికా నేల ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఒక్కటయ్యాయి. నీటి అడుగున పేరుకున్న బంకమన్ను, ఇసుక భూమి లోతుల్లోకి కూరుకుపోయి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడికి ఉడికి, ఖోండలైట్ అయ్యాయి. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా దాంతోనే. ఆ నొక్కుడులో రాతిలోని ఖనిజాలు ఒక వరసలో సర్దుకున్నాయి. ఆనాటి పర్వతాలు ఎప్పుడో అరిగిపోయాయి. అరకు వెళ్తూ రైలు కిటికీలోంచి మనం ఫొటోలు తీసుకునేది వాటి వేళ్లని.

తర్వాత, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట, రెండు ఖండాలూ విడిపోయాయి. ఎక్కడ? ఆ పాత పర్వతాల పట్టీ పొడవునా. అందులో ఒక భాగం మనకి తూర్పు కనుమలుగా మిగిలింది. ఇంకో భాగం అంటార్కిటికాతో పోయింది. అక్కడ దాన్ని రేనర్ అంటారు. మధ్యలో సముద్రం వచ్చింది. ఒకసారి మూసుకున్న సముద్రం మళ్లీ అక్కడే తెరుచుకుందా అని టూజో విల్సన్ 1966లో అట్లాంటిక్ గురించి అడిగాడు. అలాంటి ప్రశ్నే మన ముంగిట్లోనూ ఉంది.

అయితే ఇందులో ఒక మెలిక. తూర్పు కనుమలు పడమటన బస్తర్ నేలకి అతుక్కున్న గీత ఇప్పటికీ మన దేశంలోనే ఉంది. అది తెగలేదు. దానికి పక్కగా, కనుమల పట్టీ లోపల తెగింది. బస్తర్ లాంటి అతి పాత నేలలు చల్లబడి గట్టిపడినవి, అంత తేలిగ్గా సాగవు. రెండు వైపులా లాగితే లొంగేది పక్కనున్న పట్టీయే.

మా నాయనమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. కొన్నాళ్లకి చిరిగేవి. "నీ కుట్టు ఊడిపోయింది నాయనమ్మా" అంటే, "కుట్టు ఊడదే గుంటా. కుట్టు పక్కన గుడ్డ పోతాది" అనేది.

భూగర్భ శాస్త్రం దీన్ని 'టెక్టానిక్ ఇన్‌హెరిటెన్స్' అంటుంది. తెలుగులో వారసత్వం. ఆ మాట వినగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది పొలం. మా తాత పోయాక ఎకరన్నర దగ్గర మా నాన్నకీ చిన్నాన్నకీ గట్టు తగాదా వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని తీర్చారు. గట్టు నిలబడింది, ఇన్నేళ్లలో ఎవరూ జరపలేదు. కానీ పెళ్లి పిలుపులు, ఆస్పత్రి ఖర్చులు, ఎవరింటికి ఎవరు రాలేదన్న లెక్కలు, ఏది తెగినా ఆ గట్టుకి అటూ ఇటూగానే తెగింది. ఇప్పుడు విశాఖ పెరిగి మా వైపు వస్తోంది. పొలం లేఅవుట్‌కి ఇవ్వాలా వద్దా అన్న మాట లేచింది. తగాదా నాటికి పుట్టని మా చెల్లెళ్లు, తమ్ముళ్లు కూడా వాట్సాప్ గ్రూపులో సరిగ్గా ఆ రెండు వైపులే సర్దుకున్నారు.

ఇలా చూస్తే అంతా ముందే రాసిపెట్టి ఉందనిపిస్తుంది. గోదావరి లోయ కథ తెలిశాక నాకు అలా అనిపించడం తగ్గింది.

ఆ లోయ ధార్వాడ్, బస్తర్ నేలల మధ్య అతుకు. 100 కోట్ల ఏళ్లకి ముందే అక్కడ నేల ఒకసారి కుంగింది. అప్పుడు పేరుకున్న రాళ్లకి వరంగల్ వైపున్న పాఖాల పేరు పెట్టారు. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట అదే గీత మీద మళ్లీ కుంగింది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర భూకంపం వచ్చిందీ ఈ లోయలోనే. ఇన్నిసార్లు కదిలినా అక్కడ ఖండం రెండుగా చీలలేదు, సముద్రం రాలేదు. కుంగిన చోట అడవులు, ఒండ్రు పొరలు పొరలుగా నిండాయి. సింగరేణి బొగ్గు అదే.

తెగిన చోట కూడా ఖాళీ మిగల్లేదు. కోస్తాలో, కృష్ణా–గోదావరి ఒండ్రు కింద గుడివాడ, బంటుమిల్లి దగ్గర లోయలూ, కైకలూరు, తణుకు దగ్గర గట్లూ దాగున్నాయి. అవీ కనుమల పీచు వెంటే, నైరుతి నుంచి ఈశాన్యానికి. ఆ బేసిన్‌లో పేరుకున్న మట్టి పొరల్లోంచే ఇవాళ చమురు, గ్యాస్ తీస్తున్నారు.

ఎక్కడ కదలొచ్చో పాత గీత చెబుతుంది. ఎంత దూరం తెగుతుందన్నది ఆ రోజు పడే లాగుడుని బట్టి ఉంటుంది.

మొన్న చిన్నాన్న కూతురు ఫోన్ చేసి, "అక్కా, మీ వైపోళ్లు ఏటంటన్నారు?" అంది. "మా వైపు సంగతి తర్వాత. నువ్వేటంటావో అది సెప్పు" అన్నాను. గంటన్నర మాట్లాడుకున్నాం. అమ్మడం గురించి మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. సంక్రాంతికి రెండిళ్ల వాళ్లం పొలం దగ్గరే కూర్చుని మాట్లాడదామని మాత్రం అనుకున్నాం.