రసీదు

మొన్న నరసరావుపేటలో స్కూటరుకు పెట్రోలు పోయిస్తుంటే, వెనక కూర్చున్న మనుమరాలు "ఇందులో పన్నెంత తాతయ్యా?" అంది. 2024 నాటి లెక్క ప్రకారం రాష్ట్రం వ్యాటు నూటికి 31, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు 1 రూపాయి. కేంద్రం సుంకం వేరు అన్నాను.

"మరి చమురు తీసే కంపెనీలకో?"

చెప్పక తప్పలేదు. 1999 నాటి విధానం కింద చమురు తీసిన కంపెనీల లాభాలకు ఏడేళ్ళు ఆదాయపు పన్ను మినహాయించారు. తవ్విన చోటల్లా చమురు పడదు, సాహసానికి ప్రోత్సాహం ఉండాలన్నారు. నిజమే కావచ్చు. మా పల్నాడు మిరప రైతు బోరు వేసిన చోటల్లా నీళ్ళు పడుతున్నాయా? అతడు మాత్రం డీజిలు పన్నుతోనే కొంటున్నాడు.

"కంపెనీల మాట ఢిల్లీలో చెల్లుతుంది కాబోలు!"

ఎంత చెల్లుతుందో మనకెలా తెలుస్తుంది? పార్టీలకు కంపెనీలిచ్చే విరాళాలపై పరిమితిని 2017లో ఎత్తివేశారు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లు ఇచ్చినవారి పేర్లను మరుగుపరచాయి. అవి చెల్లవని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న తీర్పు చెప్పాకే ఆ పేర్లు బయటపడ్డాయి.

పిల్ల బంకు కుర్రవాణ్ణి అడిగి రసీదు తీసుకుంది. వచ్చే ఎన్నికలలో దానికి తొలి ఓటు. ఓటడగ వచ్చినవారినీ, ఎవరి దగ్గర ఎంత పుచ్చుకున్నారో ఇలాగే రసీదు చూపమంటుందట.

అడగమనే అన్నాను.