'గుజ్జు' అరిగిందంటే...

జనగామలో నాట్లేసే అమ్మ, మానుకోటలో మిర్చి ఏరే అక్క, భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన తాత... మోకాలు పట్టుకుని అనే మాట ఒక్కటే: "గుజ్జు అరిగింది". నిజానికది గుజ్జు కాదు. ఎముకల కొసలను నున్నగా కప్పి ఉండే మృదులాస్థి. మోకాలిలో దాని మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు, అంతే! రక్తనాళాల్లేవు కనుక అరిగితే సరిగా పూడుకోదు. నరాలూ లేవు. పాపం, అరుగుతున్నా చెప్పుకోలేదు. నొప్పి తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

నడిచేటప్పుడు అది స్పాంజిలా అణుగుతూ, వదులవుతూ కీలులోని జిగట ద్రవాన్ని పీల్చుకుంటుంది. దానికి తిండి అదే. అందుకే మంచానికి అతుక్కుపోవడమూ మందు కాదు. గంటలకొద్దీ గొంతుక్కూర్చోవడం మాత్రం మోకాలికి పెద్ద బరువు. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో 'రెస్టు తీసుకోమ్మా' అంటే ఎవరు వింటారు? మెట్టచేలో కలుపు తీసేటప్పుడు చిన్న పీట వేసుకోమంటే వింటారు.