ఓవెన్ సబ్బు గురించి అడుగుతున్నవాళ్లకు



సంక్రాంతి నుంచి చాలామంది "అన్నా, ఇప్పనూనె సబ్బు ఓవెన్‌లో చేశావంట కదా, ఎట్ల చేయాలో చెప్పవా" అని మెసేజ్‌లు పెడుతున్నారు. చెప్తా. కానీ నేను మొదటిసారి ఓవెన్‌లో పెట్టిన సబ్బు వల్ల మన తమ్ముడొకడి చేతులు కాలినయ్. అది దాచిపెట్టి తయారీ ఒక్కటే చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. అందుకే ముందు అది రాస్తున్నా.

అశోక్‌నగర్‌లో నలుగురం ఒక రూమ్‌లో ఉంటాం. పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రికి రూమ్. దసరాకి ఉట్నూరు దగ్గర మా ఊరికి పోతే, వచ్చేటప్పుడు అమ్మ మూడు లీటర్ల ఇప్పనూనె డబ్బా చేతిలో పెట్టింది. వానలు మొదలయ్యే రోజుల్లో ఏరిన ఇప్ప పలుకు. కొంత జీసీసీ డిపోలో అమ్మి, మిగిలింది గానుగ పట్టించారు. చలికాలం మడమలు పగిలితే మా నానమ్మ ఈ నూనే రాసేది. ఇదే నూనె సిటీలో 'మహువా బటర్' అని చిన్న చిన్న డబ్బాల్లో అమ్ముతుంటే, ఆ ధర చూసి నాకు కడుపు మండింది. మనమే సబ్బు చేస్తే ఏం పోయింది అనుకున్నా.

మొదటి సబ్బు డిసెంబర్‌లో రూమ్‌లోనే చేశా. నూనె, కాస్టిక్ సోడా కలిసి సబ్బుగా మారేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది. చలికి అచ్చు అంచులు చల్లారిపోయి, నడుమ మాత్రం వేడి నిలిచింది. కోసి చూస్తే మధ్యలో ముదురు రంగు గుండ్రం, చుట్టూ తెల్లగా పొడిపొడి. అచ్చుకు అన్ని వైపులా ఒకే వేడి తగిలితే ఇట్ల కాదని, అందుకే ఓవెన్‌లో పెడతారని తెలిసింది.

లోయర్ ట్యాంక్ బండ్‌లో ఉండే మన సీనియర్ అక్క ఇంట్లో ఒక పాత ఓటీజీ ఊరికే పడి ఉంది. ఇక అందులో తిండి వండననే మాట మీద అడిగి తీసుకున్నా. ఈసారి 300 గ్రాముల ఇప్పనూనె, 150 కొబ్బరినూనె, 50 ఆముదం. పొద్దునకి సబ్బు రాయిలా గట్టిపడింది. రంగు కూడా అంతా ఒకేలా ఉంది. "వేడికి సోడా అంతా అయిపోయి ఉంటది, ఇక నెలంతా ఆరబెట్టే పనిలేదు" అనుకుని, ఆ రోజే రూమ్‌లో పంచేశా. అమ్మకు పంపుదామని రెండు పక్కన పెట్టా.

నాలుగో రోజు తమ్ముడు మాక్ టెస్ట్‌కి రాలేదు. రూమ్‌కి వచ్చి చూస్తే వేళ్ల సందులన్నీ ఎర్రగా, తోలు ఊడి ఉన్నయ్. పెన్ను పట్టలేకపోతున్నాడు. మొదటి రోజు నుంచే మండుతోందంట. "మరి చెప్పలేదేందిరా" అంటే, "నువ్వు చేసింది కదన్నా, కొత్తలో అట్లనే ఉంటదేమో అనుకున్నా" అన్నాడు. ఆ మాట నాకింకా గుచ్చుకుంటనే ఉంది. బయట కొన్న సబ్బు అయితే మొదటి రోజే బయట పారేసేవాడు. మనవాడు చేశాడని నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. కుళాయి నీళ్ల కింద చాలాసేపు చేతులు కడిగించి, డాక్టర్ దగ్గరికి తీసుకుపోయా. మానడానికి పది రోజులు పట్టింది.

కెమిస్ట్రీ చదివిన అక్క నా కాగితం చూసి ఒక్క నిమిషంలో తప్పు పట్టుకుంది. "వేడి సోడాని మాయం చేస్తదని నీకు ఎవరు చెప్పార్రా?" అంది. నేను సోడా 87 గ్రాములు వేశా. అది 500 గ్రాములూ కొబ్బరినూనె అయితే వేసే లెక్క. గ్రాము కొబ్బరినూనెకు సుమారు 0.183 గ్రాముల సోడా పడుతుంది. ఇప్పనూనెకు 0.137, ఆముదానికి 0.128. నా నూనెలకు మొత్తం పట్టేది 75 గ్రాములే. అంటే 12 గ్రాముల సోడాకి కలవడానికి నూనె లేదు. ఓవెన్‌లో ఎంతసేపు ఉంచినా ఆ 12 గ్రాములు సోడాగానే ఉంటాయి. వేడి పనిని తొందరగా చేయిస్తది, అంతే. తప్పు లెక్కను సరిచేయదు.

మూడోసారి చేసిన పద్ధతి ఇది. అవే నూనెలు. 75లో 5 శాతం తగ్గించి 71 గ్రాముల సోడా, 150 గ్రాముల నీళ్లు. గ్రాము వరకు చూపే డిజిటల్ కాటా తప్పనిసరి. సోడాని నీళ్లలో మెల్లగా వేయాలి, సోడా మీద నీళ్లు ఎప్పుడూ పోయొద్దు. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. కిటికీలు తెరిచి పెట్టాలి. గిన్నె స్టీల్‌దే వాడాలి, అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది. ఓటీజీ మరక 100 దగ్గర మొదలవుతుంది కాబట్టి దాన్ని నమ్మొద్దు. లోపల థర్మామీటర్ పెట్టి, 75 డిగ్రీలు రాగానే స్విచ్ ఆపేసి, సిలికాన్ అచ్చు లోపల పెట్టి, తెల్లారేదాకా తలుపు తీయొద్దు. వేడి ఎక్కువైతే సబ్బు పొంగి బయటికొస్తది. పాలు, తేనె వేసినవి ఇంకా తొందరగా పొంగుతాయి కాబట్టి వాటిని ఓవెన్‌లో పెట్టకపోవడమే మేలు.

ఓవెన్‌లో పెట్టినా నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాల్సిందే. నీరు ఇంకితేనే సబ్బు మెత్తగా కరిగిపోకుండా నిలుస్తుంది. నేను ఆరు వారాలు ఆగి, ముందు వారం రోజులు నా చేతులకే వాడుకున్నా. తర్వాత తమ్ముడే వచ్చి ఒకటి అడిగాడు. ఇచ్చేటప్పుడు "మండితే ఆ నిమిషమే చెప్పాలి" అని ఒట్టు వేయించుకున్నా. అమ్మకు పక్కన పెట్టిన ఆ రెండు పాతవి నా పెట్టెలోనే ఉన్నయ్, పారేయలేదు.

అమ్ముదామనుకునేవాళ్లకు ఒక మాట. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం సబ్బు చేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. నేనింకా తీసుకోలేదు, అందుకే ఎవరికీ అమ్మట్లేదు. నేర్చుకుందామంటే ఆదివారం రండి. మీ నూనెల తూకం కాగితం మీద రాసుకుని రండి, ముందు లెక్క కూర్చుని చేద్దాం. ఓటీజీ తర్వాత.