గాలివాన వెంట వెళ్లొచ్చాం

2018 మే 13, ఆదివారం. మధ్యాహ్నం భోజనం చేసి నోయిడాలోని మా ఫ్లాట్‌లో కునుకు తీస్తున్నాను. నాలుగున్నర దాటాక మెలకువ వచ్చేసరికి గదంతా పసుపుపచ్చగా ఉంది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. బయట చెట్లు కనబడడం లేదు. చేయాల్సిన పని తలుపులు వేయడం. నేను చేసింది, ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి వీడియో తీయడం. మా అమ్మాయి ఇంట్లో లేదన్న సంగతి రెండు నిమిషాల తర్వాత గానీ తట్టలేదు. అప్పుడు ఎనిమిదో తరగతి. నాకంటే మంచి వీడియో తీయాలని డాబా ఎక్కింది.

దాన్ని కిందికి దించింది నేను కాదు, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. పిల్ల డాబా మీద ఉండడం కింది నుంచి చూసి, నాలుగంతస్తులూ పరిగెత్తుకుంటూ ఎక్కాడు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, మా గుమ్మంలో దిగబెట్టి, మళ్లీ గేటు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ ఆయన గది పైకప్పు రేకు లేచి వచ్చి భుజానికి తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదు.

ఆ సాయంత్రం ఢిల్లీలో గాలి గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటింది. మెట్రో రైళ్లకు అంతరాయం కలిగింది, విమానాలను దారి మళ్లించారు. అంతకు పదకొండు రోజుల ముందే, మే 2 రాత్రి, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో ఇలాంటి గాలే వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆగ్రా, భరత్‌పూర్, అల్వర్, ధోల్‌పూర్ జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. గోడలు, కప్పులు, చెట్లు మీద పడి పోయినవాళ్లే ఎక్కువ. ఆ వార్తలన్నీ చదివినవాణ్ణే నేను. అయినా తలుపు వేయకుండా బాల్కనీలోకి నడిచాను.

నిజానికి గాలివానంటే ఏమిటో తెలియని కుటుంబం కాదు మాది. మా అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కళ్లారా చూసిన మనిషి. ఈనాటికీ గాలి కాస్త విసిరితే చాలు, ఇంట్లో ఎవరెక్కడున్నారో లెక్క చూసుకుంటుంది. కానీ కోస్తావాళ్లకు తెలిసిన తుఫాను వేరు, ఢిల్లీ వాళ్లు ఆంధీ అని పిలిచే ఈ దుమ్ముగాలి వేరు. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఇప్పుడు మూడు నాలుగు రోజుల ముందే తెలుస్తుంది. అది తుఫానుగా మారితే దానికో పేరు పెడతారు, రేవుల్లో హెచ్చరిక జెండా ఎగరేస్తారు, బస్సులు పెట్టి జనాన్ని తరలిస్తారు. ఆంధీకి అంత తీరిక లేదు. మధ్యాహ్నం రెండింటికి ఆకాశంలో ఆనవాలైనా ఉండదు. అయిదింటికి ఊరిని కుదిపి వెళ్లిపోతుంది.

2022 మే 30న అలాంటిదే మరొకటి వచ్చింది. సఫ్దర్‌జంగ్‌లో గాలి వేగం 100 కిలోమీటర్లకు చేరింది. సుమారు గంటలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల నుంచి 25కి పడిపోయింది. వందల చెట్లు కూలాయి. జామా మసీదు నడిమి గుమ్మటం కలశం విరిగిపడింది. ఆ సాయంత్రం మా అమ్మాయి డాబా ఎక్కలేదు. తలుపులన్నీ మూసి, కిటికీ అద్దానికి దూరంగా కూర్చుని, నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటోంది. వారం తిరక్కముందే ఒక కబురు మోసుకొచ్చింది. వైమానిక దళంలో వాతావరణ విభాగంలో పనిచేసి రిటైరైన ఒకాయన, ఆరుగురికి మించకుండా జట్టుకట్టి, గాలివానను దూరం నుంచి క్షేమంగా ఎలా చూడాలో రెండు రోజులు నేర్పుతారట. పదిహేడేళ్ల పిల్లను ఒంటరిగా పంపలేను. వద్దంటే మళ్లీ డాబా ఎక్కదన్న భరోసా లేదు. నేనూ చేరాను.

ఫోన్‌లో అమ్మ అడిగింది ఒక్కటే: ''ఒరే, గాలివాన వస్తే పిల్లను లోపలికి లాక్కోవాలి గానీ, ఎదురు తీసుకెళ్తావట్రా?''

మొదటి రోజు ద్వారకలోని ఆయన ఇంట్లోనే పాఠం. ముందుగా ఒక భ్రమ తీసేశారు. సుడిగాలులు అమెరికాలోనే వస్తాయని మేమంతా అనుకుంటున్నాం. 1978 మార్చి 17న ఉత్తర ఢిల్లీలో, యూనివర్సిటీ పరిసరాల్లోనే టోర్నడో వచ్చింది. 28 మంది చనిపోయారు, వందల మంది గాయపడ్డారు. ఢిల్లీలో పాతికేళ్లుగా ఉంటున్న నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత ఆంధీ ఎలా పుడుతుందో చెప్పారు. మే, జూన్ నెలల్లో ఇక్కడి నేల పెనంలా కాలి ఉంటుంది. వేడిగాలి పైకి లేచి, కాస్త తేమ దొరికితే క్యుములోనింబస్ మేఘమవుతుంది. కానీ ఆ మేఘం అడుగుభాగం నేలకు చాలా ఎత్తున ఉంటుంది. దాని కింద గాలి పొడిపొడిగా ఉంటుంది. మేఘం నుంచి పడే వానచినుకుల్లో చాలా భాగం దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి దబ్బున నేలకు దిగి, బిందెడు నీళ్లు గచ్చు మీద కుమ్మరించినట్టు నలువైపులా పరుచుకుంటుంది. దాని అంచు ఎండిన నేల మీది మట్టిని లేపి గోడలా తోసుకొస్తుంది. సూడాన్‌లో హబూబ్ అనేది దీన్నే. ఢిల్లీ ఆంధీల మీద పి.వి. జోసెఫ్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిన పరిశోధన వ్యాసం 1980లోనే వాతావరణ శాఖ పత్రిక 'మౌసమ్'లో వచ్చింది.

ఇదంతా నోరు తెరుచుకుని విన్నాం. ఆయన మాత్రం అసలు పాఠం ఇంకా మొదలే కాలేదన్నారు. గోడ మీద ఒక పేరు రాశారు: టిమ్ సమరాస్. అమెరికాలో టోర్నడోల దారిలో కొలత పరికరాలు పెట్టి వచ్చే పరిశోధకుడు. ఆ పనిలో జాగ్రత్తకు పేరుపడ్డ మనిషి. 2013 మే 31న ఓక్లహామాలోని ఎల్ రీనో దగ్గర టోర్నడో నాలుగు కిలోమీటర్లకు పైగా వెడల్పయి, ఉన్నట్టుండి దారి మార్చుకుంది. సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ దానికి చిక్కి ప్రాణాలు వదిలారు. ''అన్నీ తెలిసినవాళ్లు వాళ్లు. మనకు ఏమీ తెలియదు. అందుకని మనం వాళ్లకంటే ముందే వెనక్కి తిరగాలి'' అన్నారు సర్.

నియమాలు కొన్నే. ఆగిన చోటి నుంచి వెళ్లడానికి గాలి వచ్చే దిక్కుకు దూరంగా ఒక దారి తెరిచి ఉండాలి. పది నిమిషాల్లో చేరగలిగేంత దూరంలో పక్కా భవనం ఉండాలి. చెట్టు, హోర్డింగ్, కరెంటు స్తంభం, రేకుల షెడ్డు, పాత ప్రహరీ గోడ, వీటి పక్కన నిలబడకూడదు. బండి నడిపేవాడు ఆకాశం చూడకూడదు, ఆకాశం చూసేవాడు బండి నడపకూడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు దాటలేదంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడు లోపలికి వెళ్లాలి, చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగాలి. మన దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా చనిపోతున్నారు. 'దామిని' యాప్ దగ్గర్లో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది గానీ, చెట్టు కింద నిలబడి యాప్ చూస్తే లాభం లేదు.

అన్నిటికంటే విచిత్రంగా అనిపించింది దుమ్ములో చిక్కుకుంటే పాటించాల్సిన నియమం. రోడ్డు దిగి వీలైనంత పక్కకు ఆపాలి, లైట్లన్నీ ఆర్పేయాలి, బ్రేకు మీద నుంచి కాలు తీసేయాలి. నేనైతే లైట్లన్నీ వేసేవాణ్ణి. కానీ దుమ్ములో వెనక వచ్చేవాడికి మన ఎర్రలైటు ఒక్కటే కనబడుతుంది. మనం రోడ్డు మీద వెళ్తున్నామనుకుని, ఆ లైటు వెంటే వచ్చి గుద్దేస్తాడు.

చివరి నియమం: ఎవరైనా 'వెనక్కి' అంటే అందరం వెనక్కే. కారణం అడగకూడదు, ఓట్లు వేసుకోకూడదు. జట్టు ఆరుగురిని మించకపోవడానికి కారణం అదేనట. ఇరవై మంది ఉంటే ఒకరి భయం మరొకరికి వినబడదు.

రెండో రోజు రెండు కార్లలో ఫరూఖ్‌నగర్ దాటి ఝజ్జర్ వైపు వెళ్లాం. ఇక్కడి ఆంధీలు ఎక్కువగా పడమర, వాయవ్యాల నుంచి వస్తాయి. అటు పొలాలు తప్ప అడ్డం లేదు. గోధుమ కోతలయిపోయి నేల బోసిగా ఉంది. రోడ్డు పక్కన కాంక్రీటు కప్పున్న ఒక ఢాబాను చూసుకుని, యజమానితో ముందే మాట్లాడి పెట్టుకున్నాం. మధ్యాహ్నం దాకా పరాఠాలు తినడం, చెమట తుడుచుకోవడం తప్ప పని లేదు. ఈ చదువులో ఎదురుచూడడమే ఎక్కువ. రెండున్నరకు వాయవ్యాన ఒక మేఘం కాలీఫ్లవర్‌లా పైకి లేవడం మొదలుపెట్టింది. గంటలో దాని తల విచ్చుకుని కమ్మరి దాగలిలా పరుచుకుంది. ఫోన్‌లో రాడార్ బొమ్మ మీద ఎర్ర మచ్చ. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు హెచ్చరిక ఆరెంజ్ రంగుకు మారింది. ''ఆ బొమ్మ పది నిమిషాల పాతది. ఆకాశం ఇప్పటిది'' అన్నారు సర్.

ఢాబాకు మూడు కిలోమీటర్ల దూరంలో, చెట్లు లేని చోట, కార్లను వెళ్లే దిశకు తిప్పి ఆపుకుని నిలబడ్డాం. అప్పుడు కనబడింది. నేల చివర సన్నని ఇటుకరంగు గీత. చూస్తుండగానే లావెక్కింది. దాని ముందు గద్దలు గిరికీలు కొడుతున్నాయి. మా వెనక నుంచి వేడిగాలి మెల్లగా దాని వైపే వీస్తోంది. చప్పుడు లేదు. ఇన్నేళ్లు కిటికీలోంచి చూసిన పసుపు చీకటికి ఒక ఆకారం ఉందని, ఒక అంచు ఉందని, అది ఇంత అందంగా ఉంటుందని నాకు తెలియదు. పిల్లకు కాపలాగా వచ్చిన సంగతి మర్చిపోయాను. ఫోటో మీద ఫోటో తీస్తున్నాను.

ఉన్నట్టుండి వీపుకు తగులుతున్న గాలి ఆగిపోయింది. నేను గమనించలేదు. మా అమ్మాయి గమనించింది.

''వెనక్కి'' అంది.

''ఒక్క నిమిషం తల్లీ, ఇంకా చాలా దూరం ఉంది'' అన్నాను. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికో కిలోమీటరని ముందురోజే లెక్క కట్టుకున్నాం. ఆ లెక్క నా నోటుపుస్తకంలోనే ఉంది.

సర్ నా వైపు చూడలేదు. కారెక్కి ఇంజన్ స్టార్ట్ చేశారు. అది చూసి నేనూ కదిలాను. ఢాబా గదిలోకి వెళ్లి తలుపేసిన ఆరు నిమిషాలకు వెలుతురు పోయింది. ఆ తర్వాత మాకు కనబడిందేమీ లేదు. తలుపు సందుల్లోంచి దుమ్ము, బయట ఏదో రేకు దొర్లుతున్న చప్పుడు, తర్వాత నాలుగు పెద్ద చినుకులు. మా థర్మామీటర్ 41 నుంచి 28కి దిగింది. గాలివాన చూడ్డానికి వెళ్లి అసలు గాలివాన వచ్చినప్పుడు గదిలో కూర్చున్నాం.

చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి, మేం నిలబడ్డ చోటికి మళ్లీ వెళ్లాం. అక్కడేమీ జరగలేదు. ఒక కొమ్మ కూడా విరిగిపడలేదు. నా మనసులో మాట పసిగట్టినట్టు సర్ అన్నారు: ''ఉన్నా ఏమీ అయ్యేది కాదని అనుకుంటున్నారు కదా? వచ్చేసారి ఆ ఆలోచనే మిమ్మల్ని ఆపేస్తుంది.'' తిరుగుదారిలో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. బహదూర్‌గఢ్ దగ్గర రోడ్డు పక్కన వేప కొమ్మ విరిగి ఒక చెరకురసం బండి మీద పడి ఉంది. బండివాడు పక్కనే గొంతుకూర్చుని గ్లాసు పెంకులు ఏరుకుంటున్నాడు. దెబ్బలేమీ తగల్లేదన్నాడు.

ఆ రాత్రి మా అమ్మాయి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ''మనకి కారుంది, ఢాబాలో గది మాట్లాడుకున్నాం. ఆయన ఎక్కడికి వెళ్తాడు నాన్నా?'' వానరాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని పెద్దలంటారు. వానరాకడ ఇప్పుడు రెండు మూడు గంటల ముందే తెలుస్తోంది. పాలం రాడార్ చూస్తోంది, ఫోన్ చెబుతోంది. కానీ తెలిసిన కబురు అందాల్సిన వాడికి అందాలి. అందాక అతను వెళ్లి నిలబడడానికి ఒక కప్పు ఉండాలి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో అదే అడిగాను. వాచ్‌మన్ గదికి రేకులు తీసి కాంక్రీటు కప్పు వేయించాలని, హెచ్చరిక వచ్చినప్పుడు గేటు బయట వేపచెట్టు కింది ఇస్త్రీ బండి వాళ్లను, కూరగాయల ఠేలాల వాళ్లను స్టిల్ట్ పార్కింగ్‌లోకి రానివ్వాలని. కప్పుకు ఎవరూ అడ్డు చెప్పలేదు. బయటివాళ్లను లోపలికి రానివ్వడం మీదే పెద్ద వాదన. సెక్యూరిటీ సంగతేమిటన్నారు. 2018లో మా పిల్ల కోసం ఆరు కుట్లు వేయించుకున్న మనిషి గేటు దగ్గరే ఉన్నాడు, సెక్యూరిటీ సంగతి ఆయన చూసుకుంటాడన్నాను. మూడో మీటింగ్‌లో ఒప్పుకున్నారు.

2025 మే 21 రాత్రి ఢిల్లీ మీద గాలి, వడగళ్లు విరుచుకుపడ్డాయి. ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఒక విమానం దారిలో వడగళ్లవానలో చిక్కి ముక్కుభాగం దెబ్బతింది. ఢిల్లీ పరిసరాల్లో ప్రాణాలు పోయాయి. మా అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్లో చదువుకుంటోంది. హెచ్చరిక తన ఫోన్‌లోనూ చూసినట్టుంది, ఫోన్ చేసింది. ''నాన్నా, వాచ్‌మన్ అంకుల్‌కి చెప్పావా?''

చెప్పాను. ఫోన్ వచ్చేటప్పటికి స్టిల్ట్ కింద ఆయన పక్కనే ఉన్నాను. ఇస్త్రీ బండి ఆయన, ఆయన భార్య, ఇద్దరు కూరగాయల వాళ్లు కూడా అక్కడే ఉన్నారు. వడగళ్లు కార్ల మీద పడి చిట్లుతుంటే అందరం గోడవైపు జరిగాం. కాసేపటికి వాచ్‌మన్ జేబులోంచి ఫోన్ తీసి, ''బిటియాకి వీడియో పంపిద్దామా సాబ్?'' అన్నాడు. నిలబడ్డ చోటి నుంచి కదలకుండా తీసి పంపాడు.